దూరపు నడకలో మూట బరువు

ఎర్రగుంట్ల సిమెంటుకూ నాపరాళ్ళకూ పేరుపడిన ఊరు. ఇక్కడ లారీకి సరకు ఎత్తే హమాలీ 50 కిలోగ్రాముల సిమెంటు బస్తాను వీపుమీద వేసుకొని, పది పన్నెండు అడుగులు వేసి, దించివేస్తాడు. వెనుకకు వచ్చి మరొకటి ఎత్తుకుంటాడు. చూచేవారికి ఆ బరువు అతనికి ఒక లెక్క కాదనిపిస్తుంది. అదే మనిషిని అదే బస్తాతో జమ్మలమడుగు దాకా నడిచి పొమ్మంటే? దూరం సుమారు 20 కిలోమీటర్లు. అతడు నవ్వి ఊరకుంటాడు. మోతలో బరువు ఎంత అన్న ప్రశ్నతోపాటు ఎంతసేపు, ఎంత దూరం అన్న ప్రశ్నలు కూడా ఉన్నాయని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఇద్దరు విద్యార్థులను ఊహించండి. ఎర్రగుంట్ల స్టేషనులో రైలు దిగి, జమ్మలమడుగు మీదుగా గండికోటకు నడిచి పోదలచుకున్నారు. ఒకని వీపుమీద 12 కిలోల సంచి. రెండవవాని సంచి అందులో సగం. ఇద్దరూ 60 కిలోల మనుషులే. రెండవవాడు ఎంత లాభపడ్డాడు? ఈ లెక్క కొంతవరకు భౌతికశాస్త్రానికి, కొంతవరకు శరీరధర్మశాస్త్రానికి చెందినది. రెండింటినీ కలిపి చూస్తేగాని జవాబు రాదు.

ముందుగా ఒక చిక్కు విప్పవలసి ఉన్నది. బలం, బలం దిశలో కదిలిన దూరం, ఈ రెండింటి లబ్ధమే పని అని ఉన్నత పాఠశాల పుస్తకం చెబుతుంది. బరువు కిందికి లాగుతుంది. నడిచేవాడు అడ్డంగా కదులుతాడు. రెండింటి మధ్య కోణం 90 డిగ్రీలు. కాబట్టి సమతలంమీద మూట మోసేవాడు భూమ్యాకర్షణకు విరుద్ధంగా చేసిన పని సున్న. ఈ మాట చెప్పగానే తరగతిలో నవ్వు పుడుతుంది. పుస్తకం తప్పు చెప్పలేదు. నవ్వినవారిదీ తప్పు కాదు.

పుస్తకంలోని మూట చక్రాలబండి మీద ఉన్నట్టు సాఫీగా కదులుతుంది. మనిషి అట్లా కదలడు. ఒక కాలు నిటారుగా నేలమీద ఆనినప్పుడు శరీరం పైకి లేస్తుంది. రెండు కాళ్ళూ చాచి ఉన్నప్పుడు కిందికి దిగుతుంది. ఒక్కొక్క అడుగులో గరిమనాభి సుమారు 4 సెంటీమీటర్లు లేచి పడుతుంది. అడుగుకు 70 సెంటీమీటర్ల చొప్పున 20 కిలోమీటర్లకు 28 వేలకు పైగా అడుగులు పడతాయి. 12 కిలోల మూటను 28 వేల సార్లు 4 సెంటీమీటర్లు ఎత్తడమంటే, మొత్తం మీద దానిని ఒక కిలోమీటరుకు మించిన ఎత్తుకు చేర్చినట్లే. రోడ్డు మాత్రం చదునుగానే ఉన్నది!

అయితే ఈ ఎత్తుడంతా నష్టం కాదు. నడిచే మనిషి తలకిందులుగా నిలిపిన లోలకం వంటివాడు. శరీరం పైకి లేచినప్పుడు వేగం కొంత తగ్గి, గతిజశక్తి స్థితిజశక్తిగా మారుతుంది. కిందికి దిగినప్పుడు స్థితిజశక్తి తిరిగి వేగంగా మారుతుంది. మామూలు నడకలో సగానికి మించిన భాగం ఈ విధంగా తిరిగి చేతికి వస్తుంది. మిగిలినది కండరాలు భర్తీ చేయాలి. అదీగాక కండరం ఒక బరువును కదలకుండా పట్టి ఉంచటానికి కూడా ఆహారాన్ని ఖర్చుపెడుతుంది. ఇనుప కొక్కెం మూటను ఏడాదిపాటు మోసినా అలసిపోదు. భుజం అయిదు నిమిషాలలో అలసిపోతుంది. యాంత్రికమైన పని సున్న అయిన చోట కూడా శరీరపు ఖర్చు సున్న కాకపోవటానికి కారణం ఇదే.

ఈ ఖర్చును లెక్కకట్టటానికి అమెరికా సైన్యానికి చెందిన నాటిక్ పరిశోధనాలయంలో పాండాల్ఫ్, గివోని, గోల్డ్‌మన్ అనే ముగ్గురు 1977లో ఒక సూత్రాన్ని ప్రకటించారు. మనిషి బరువు, మూట బరువు, వేగం, వాలు, నేల స్వభావం, ఈ అయిదూ అందులో ఉన్నాయి. ఉజ్జాయింపు సూత్రమే అయినా ఈనాటికీ వాడుకలో ఉన్నది. 60 కిలోల మనిషి గట్టి రోడ్డుమీద గంటకు 4 కిలోమీటర్ల వేగంతో వట్టి చేతులతో నడిస్తే, దీని ప్రకారం శరీరం ఖర్చుచేసే శక్తి సుమారు 200 వాట్లు. 6 కిలోల సంచి తగిలిస్తే 213. పన్నెండు అయితే 229. ఇరవై అయితే 256. ముప్పై అయితే 302.

ఈ అంకెలను కొంచెం నిలిచి చూడండి. మొదటి 6 కిలోలకు పెరిగినది 13 వాట్లే. కాని 20 నుంచి 30కి పోయినప్పుడు పది కిలోలకు 46 వాట్లు పెరిగింది. అనగా చివర చేర్చిన కిలో మొదట చేర్చిన కిలో కంటె రెట్టింపు ఖరీదైనది. ఎందువలన? మూటబరువును మనిషి బరువుతో భాగించి, వచ్చినదానిని వర్గం చేసిన పదం ఒకటి ఆ సూత్రంలో ఉన్నది. పదవ వంతు మూటకు ఆ పదం విలువ ఒక వాటును కొంచెం దాటుతుంది. సగం బరువు మూటకు అది 45 వాట్లు. పూర్వపు తూకాలలో 12 కిలోలంటే రమారమి ఒక మణుగు. మణుగు మూట పెద్ద మనిషికి ఒక బరువు, 30 కిలోల పిల్లవానికి మరొక బరువు. కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రకటించిన బడిసంచి విధానం కిలోలతో సరిపెట్టుకోక, సంచి బరువు విద్యార్థి బరువులో పదవ వంతుకు మించరాదని చెప్పటంలోని సబబు ఇక్కడ కనిపిస్తుంది.

నేల సంగతి ఇంకా విచిత్రం. జమ్మలమడుగు పెన్నానదికి ఉత్తరాన ఉన్నది. ఎర్రగుంట్ల నుంచి పోయేవారు నదిని దాటవలసిందే. వంతెన వదలి ఇసుకలోకి దిగినవాడు, అదే వేగంతో నడవదలిస్తే, వట్టి చేతులతోనే 320 వాట్లకు మించి ఖర్చుచేస్తాడు. రోడ్డుమీద 30 కిలోలు మోసేవాని కంటె ఇది ఎక్కువ! సంచిలో సామాను తీసివేయటం కన్నా దారి ఎంచుకోవటంలో ఎక్కువ లాభం ఉండవచ్చునన్నమాట. తేలిక సంచుల గురించి వ్రాసేవారు ఈ సంగతిని తరచుగా మరచిపోతారు.

ఎక్కుడు దారిలో లెక్క తేట. తిరుమలకు అలిపిరి నుంచి మెట్లదారిన పోయే యాత్రికుల మూటలను దేవస్థానంవారు కిందనే తీసుకొని ఉచితంగా కొండమీదికి చేరుస్తారు. అక్కడి మెట్లు 3,550. ఎత్తు 600 మీటర్లకు పైగా. పది కిలోల మూటను 600 మీటర్లు ఎత్తటానికి కావలసిన పని సుమారు 59 వేల జౌళ్ళు. కండరం తిన్న ఆహారంలో సుమారు నాలుగవ వంతునే పనిగా మార్చగలదు కాబట్టి, శరీరం ఖర్చుపెట్టేది దానికి నాలుగు రెట్లు. కిలోకెలరీలలో చెప్పాలంటే 56. ఇది ఒక ఇడ్లీలో దొరికే శక్తి! ఒక ఇడ్లీ ఎక్కువ తింటే తీరిపోయే బాకీ అయితే, అలిపిరిలో మూట దించినవారికి అంత సుఖం ఎక్కడిది?

సుఖం ఆహారపు లెక్కలో లేదు. గుండె, ఊపిరి, మోకాలు, ఈ మూడింటిలో ఉన్నది. 60 కిలోల మనిషి 10 కిలోలతో అంతే వేగంగా ఎక్కితే ప్రతి నిమిషమూ ఆరవ వంతు ఎక్కువ ప్రాణవాయువు కావాలి. గుండె అంత ఎక్కువ రక్తాన్ని తోడాలి. వయసు మళ్ళినవారిలో ఆ ఆరవ వంతు అక్కడక్కడా కూర్చుంటూ ఎక్కగలగటానికీ, అసలు ఎక్కలేకపోవటానికీ మధ్య ఉండే తేడా కావచ్చును. దిగేటప్పుడు ఊపిరికి సుఖమే కాని మోకాలికి కాదు. తొడ కండరాలు సాగుతూనే బిగిసి పడిపోకుండా ఆపవలసి ఉంటుంది. మరునాడు కాళ్ళు పట్టేయటం ఎక్కుడు వలన కన్న దిగుడు వలననే ఎక్కువ.

ఇక మూట ఎక్కడ ఉన్నదన్నది. వీపుసంచి గరిమనాభి వెన్నెముకకు 25 సెంటీమీటర్లు వెనుకగా ఉన్నదనుకోండి. 60 కిలోల మనిషీ 12 కిలోల సంచీ కలిసిన గరిమనాభి 4 సెంటీమీటర్లకు పైగా వెనుకకు జరుగుతుంది. పడిపోకుండా ఉండటానికి మనిషి ముందుకు వంగుతాడు. వంగిన నడుమును గంటల తరబడి పట్టి ఉంచేవి వెన్ను కండరాలు. బరువైన వస్తువులను సంచిలో వీపుకు ఆనించి సర్దితే సంచి అంతే బరువుండి కూడా తేలికగా తోచటం భ్రమ కాదు.

దత్తా, రామనాథన్ అనే భారతీయ శాస్త్రజ్ఞులు 1971లో ఏడు రకాల మోతలను పోల్చి చూచారు. నెత్తిమోత, వీపుసంచి, కావడి, చేతిసంచులు మొదలైనవన్నీ అందులో ఉన్నాయి. అన్నిటికంటె తక్కువ ఖర్చు ముందు సగం, వెనుక సగం కట్టుకున్న మూటది. నెత్తిమోత దానికి బాగా దగ్గరగా వచ్చింది. అన్నిటికంటె చెడ్డది రెండు చేతులా వేలాడే సంచులు. మొదటి రెండింటిలోనూ బరువు శరీరపు నిలువు గీతమీదనే పడుతుంది. వంగవలసిన పని లేదు. చుట్టకుదురు పెట్టుకొని కడవ మోసే స్త్రీకి ఈ సంగతి కొత్త కాదు. 1986లో కెన్యా దేశపు లువో, కికుయు స్త్రీలను పరీక్షించినవారు మరొక వింత కనిపెట్టారు. తమ బరువులో అయిదవ వంతు దాకా మోసినా ఆ స్త్రీలు పీల్చే ప్రాణవాయువు పెరగలేదు! బరువు ఉన్నప్పుడు వారి నడకలోని లోలకం మరింత చక్కగా పనిచేసి, గతిజశక్తికీ స్థితిజశక్తికీ మధ్య మార్పిడిలో నష్టం తగ్గిందని 1995లో వివరణ దొరికింది. ఇది నెత్తిమోత చేసేవారందరికీ వర్తించదు. 2010లో దక్షిణాఫ్రికాలో స్త్రీలను పరీక్షించినప్పుడు సగటున అటువంటి లాభం కనిపించలేదు. మనిషికీ మనిషికీ తేడా చాలా ఉన్నది. మెడ నొప్పి సంగతి సరేసరి. బిందెలు మోసినవారి నేర్పును మెచ్చుకోవటం, కొళాయి వేయకపోవటానికి సాకు కారాదు.

పాదాలకు తగిలించిన బరువు అన్నిటికంటె ఖరీదైనది. కాలు ప్రతి అడుగుకూ ఊగి, వేగం అందుకొని, ఆగాలి కనుక పాదంమీది ఒక కిలో వీపుమీది నాలుగు నుంచి ఆరు కిలోలతో సమానమని కొలతలు చెబుతున్నాయి. జత ఒక కిలో బరువుండే బూట్లు తీసి అరకిలో జోళ్ళు తొడిగినవాడు సంచిలోంచి రెండు మూడు కిలోలు తీసినంత మేలు పొందుతాడు. అందువలన రాళ్ళదారిలో పలుచని చెప్పులతో పోవాలని కాదు. చీలమండ మెలిపడితే తేలిక చెప్పు మోసిన లాభమంతా ఒక్క క్షణంలో పోతుంది.

తేలిక మూటతో దూరం నడవటం పాశ్చాత్య దేశాలలో ఒక పద్ధతిగా పెరిగింది. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ళ అమెరికా అవ్వ ఇంట్లో కుట్టుకొన్న గుడ్డసంచి భుజాన వేసుకొని, సుమారు 3,300 కిలోమీటర్ల అపలాచియన్ కొండదారిని ఒంటరిగా ఒక్క విడతలో నడిచి ముగించింది. డేరా లేదు, ఒక దుప్పటి, ఒక వానకోటు, స్నానాలగదికి కట్టే ఒక ప్లాస్టిక్ తెర. 1990ల నుంచి రే జార్డిన్ వ్రాతల వలన ఈ పద్ధతికి ప్రచారం వచ్చింది. ఆహారం, నీరు కాక తక్కిన సామాను 10 పౌన్ల లోపు, అనగా సుమారు నాలుగున్నర కిలోల లోపు ఉండాలన్నది దానిని పాటించేవారు పెట్టుకొన్న హద్దు. ఒక వస్తువు రెండు మూడు పనులకు రావాలన్నది వారి మరొక సూత్రం.

రాయలసీమ గొర్రెల కాపరికి ఈ సూత్రం ఎవరూ నేర్పలేదు. అతని గొంగడి రాత్రికి పక్క, చలికి దుప్పటి, వానకు మడిచి తలమీద వేసుకొనే గుడిసె. చేతికర్ర మందను మళ్ళిస్తుంది. ఆనుకొని నిలబడటానికి మూడవ కాలు అవుతుంది. ఒక సద్దిమూట, నీళ్ళకు ఎండిన సొరకాయబుర్ర. మందవెంట దినాల తరబడి నడిచేవాని ఆస్తి ఇంతే. గొంగడి తేలికైన వస్తువు కాదు, తడిస్తే మరీ బరువు. కాని అది మూడు వస్తువులకు బదులు. గండికోటకు బయలుదేరిన మన మొదటి విద్యార్థి సంచి విప్పి చూస్తే రెండు జీన్సు ప్యాంట్లు, మందపాటి దుప్పటి, స్టీలు క్యారియరు, ఫోనుకు రెండు ఛార్జింగు పెట్టెలు, చదువుతానని పెట్టుకొని చదవని పుస్తకం బయటపడతాయి. జీన్సు ఒక్కొక్కటి అరకిలోకు పైనే. వానలో తడిస్తే ఎంతసేపటికీ ఆరదు.

ఇంతవరకు తగ్గించటం గురించే చెప్పటం అయినది. తగ్గించగూడని బరువు ఒకటి ఉన్నది. దాని విషయంలో పొరపడితే ప్రాణానికే ముప్పు. అది నీరు.

చల్లని దేశాల కొండదారులలో సెలయేరు తరువాత సెలయేరు తగులుతుంది. అక్కడ లీటరు నీటితో బయలుదేరటం తెలివే. ఏప్రిల్, మే నెలలలో కడప జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటటం మామూలు. గాలి చర్మంకంటె వేడిగా ఉన్నప్పుడు శరీరం గాలికి వేడిని ఇవ్వలేదు సరికదా, గాలినుంచీ ఎండనుంచీ తనే వేడి పుచ్చుకుంటుంది. చల్లబడే మార్గం చెమట ఆవిరి కావటం ఒక్కటే. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 24 లక్షల జౌళ్ళ వేడి పోతుంది. నడకలో పుట్టే వేడి, ఎండ ఇచ్చే వేడి రెండూ కలిపి చూస్తే గంటకు ముప్పాతిక లీటరు నుంచి లీటరు దాకా చెమట పోవటం సాధారణం. నీడ లేని అయిదు గంటల నడకకు నాలుగైదు లీటర్లు. అంటే నాలుగైదు కిలోలు.

ఇక్కడ చాలామందికి ఒక ఆలోచన తోస్తుంది. మూట తేలిక చేస్తే ఒంట్లో వేడి తక్కువ పుడుతుంది, వేడి తగ్గితే చెమట తగ్గుతుంది, కాబట్టి నీళ్ళు కూడా తక్కువ చాలును కదా అని. తర్కం బాగానే ఉన్నది. అంకెలు వేసి చూడాలి. సమతలంమీద 12 కిలోల మూట వలన పెరిగే ఖర్చు 28 వాట్లు. గంటకు లక్ష జౌళ్ళు. దానిని పోగొట్టటానికి కావలసిన చెమట గంటకు 40 మిల్లీలీటర్లు. అయిదు గంటలకు 200. కొంత చెమట ఆవిరి కాకుండానే కారిపోతుంది కనుక ఇంకొంచెం వేసుకోవచ్చును. మొత్తం మీద మూటనంతా పారవేసినా మిగిలే నీరు ఒక గ్లాసు, మహా అయితే గ్లాసున్నర! నడిచేవాని దాహం మూటది కాదు, అతని శరీరానిది, ఎండది. సంచి సగానికి తగ్గించాను గనుక సీసాలు కూడా సగానికి తగ్గిస్తానన్నవాడు ఆపద కొనితెచ్చుకొంటాడు. 60 కిలోల మనిషి 1.2 లీటర్ల నీరు కోల్పోతే, అది శరీర బరువులో నూటికి రెండు వంతులు, నడక సామర్థ్యం తగ్గుతుంది. ఇంకా పోతే గుండె వేగం హెచ్చి, ఒంటి వేడి ఎక్కి, తల తిరిగి, చివరకు వడదెబ్బకు దారితీయవచ్చును. చెమటలో ఉప్పు కూడా పోతుంది కాబట్టి వట్టి నీటికన్న ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మేలు.

నీటి బరువు తగ్గించటానికి సరైన దారులు వేరే ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరి తొమ్మిదికి నీడ చేరుకొంటే ఎండ ఇచ్చే వేడి చాలావరకు తప్పుతుంది. రెండవది, నీళ్ళు దొరికే చోట్ల మధ్య దూరం తగ్గించటం. దారిలో ప్రతి రెండు గంటలకు నీరు దొరికితే రెండు లీటర్లు మోస్తే చాలు. వేసవిలో దారి పక్కన చలివేంద్రం పెట్టేవాడు ప్రతి బాటసారి వీపునుంచీ రెండు మూడు కిలోలు దించుతున్నాడు. పొరుగున తమిళనాట పాతదారుల పక్కన సుమైతాంగి అనే రాతిదిమ్మెలు కనిపిస్తాయి. రెండు నిలువు రాళ్ళమీద భుజమెత్తున ఒక అడ్డరాయి. గర్భంతో ఉండగా చనిపోయిన స్త్రీల జ్ఞాపకార్థం వాటిని నిలిపేవారు. నెత్తిమీది మూటను వంగకుండా దానిమీదికి జరిపి, అలుపు తీర్చుకొని, తిరిగి వంగకుండానే ఎత్తుకొనవచ్చును. మూటను నేలనుంచి నెత్తికి ఎత్తే శ్రమ, ఎత్తటానికి రెండవ మనిషి అవసరం, రెండూ తప్పిపోతాయి. మూట బరువు తగ్గలేదు, మోత తగ్గింది. నేపాలు కొండలలో కూలీలు సగటున తమ శరీరబరువుతో దాదాపు సమానమైన మోతతో దినాల తరబడి నడుస్తారని 2005లో ప్రకటించిన పరిశోధనలో తేలింది. వారు కూడా మెల్లగా నడిచి, మాటిమాటికి ఆగి, మళ్ళీ నడుస్తారు. మన హమాలీ బస్తా దించి వెనుకకు వట్టి చేతులతో నడిచే ఆ పది అడుగులూ అటువంటి విశ్రాంతే.

పాఠశాలలో దీనిని పరీక్షించటానికి పెద్ద సాధనాలు అక్కరలేదు. తూకపు యంత్రం, సెకన్ల ముల్లున్న గడియారం, ఆటస్థలం చాలును. ఉదయపు చల్లని వేళ విద్యార్థి బరువు, అతని సంచి బరువు తూచి వ్రాసుకొని, వట్టి చేతులతో పది నిమిషాలు ఒకే వేగంతో నడిపించి, ఆగిన వెంటనే పావు నిమిషం నాడి లెక్కించి నాలుగుతో హెచ్చించాలి. పది నిమిషాల విశ్రాంతి తరువాత సంచి వీపుకు తగిలించి మరల అదే. మూడవసారి అదే సంచి చేతితో పట్టుకొని. సంచి శరీరబరువులో పదవ వంతుకు మించగూడదు. ఒంట్లో నలతగా ఉన్నవారిని నడిపించరాదు. మూడు వరుసల పట్టీలో నాడి అంకెల పక్కన ఇంకొక గడి గీసి, చేతిసంచితో నడిచినప్పుడు ఎన్నిసార్లు చేయి మార్చుకొన్నారో కూడా అందులో వ్రాయించాలి.